రామమూర్తి పంతులుగారి ఉత్తర జీవితము

1911వ సంవత్సరమున పర్లాకిమిడి పట్టణములోని రాజావారి కళాశాలలో చరిత్ర బోధించుచుండిన ఉపాధ్యాయుడొకడు తన కొలువును తానై విడిచిపెట్టెను. ఆయనను పొమ్మన్నవారు లేరు. ఆయన బోధనను గూర్చి ఫిర్యాదు చేసినవారును లేరు. వయస్సు నలుబది ఎనిమిదేండ్లు నిండుచుండెను. ఇంకను చాల సంవత్సరములు పాఠములు చెప్పుటకును, నెలనెలకును జీతము తీసికొనుటకును అవకాశము ఉండెను. అట్టి సమయమున ఉద్యోగము మానుకొన్న ఆ ఉపాధ్యాయుడే గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

ఆ కాలమున ముప్పదియేండ్లు కొలువు చేసి ఇల్లు చేరినవాని దినచర్య ఎట్లుండునో పెద్దలనడిగిన చెప్పుదురు. కాశీయాత్ర ఒకటి చేసివచ్చుట, ఉన్న పొలమును కౌలుకిచ్చి లెక్కలు చూచుకొనుట, సాయంకాలము వీధి అరుగుపై కూర్చుండి ఊరి వ్యవహారములు ముచ్చటించుట, మనుమలను ఆడించుట. ఇందు తప్పు పట్టవలసినది ఏమియు లేదు. జీవితమంతయు శ్రమపడినవాడు విశ్రాంతి కోరుట సహజమే. కాని పంతులుగారి ముందు రెండు పనులు సగములో నిలిచియుండెను. ఒకటి కొండలలోని సవరలకు సంబంధించినది. రెండవది బడిలోని తెలుగు పిల్లలకు సంబంధించినది. ఈ రెండును ఆయన ఉద్యోగములో ఉన్నప్పుడు తీరిక వేళలలో ఆరంభించినవే. ఉద్యోగము విడిచి వారు కొత్తదానిని వెదకుకొనలేదు. అంతవరకు సాయంకాలములకు పరిమితమైన పనికి పగళ్లను కూడ ఇచ్చివేసిరి.

పంతులుగారు 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రి 1875లో మరణించుటచే పండ్రెండేండ్ల బాలుడు మేనమామగారి ఇంట విజయనగరమున ఉండి మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదువవలసివచ్చెను. అచ్చట ఆయనకు సహాధ్యాయిగా దొరికినవారు గురజాడ అప్పారావుగారు. ఆ స్నేహము యొక్క ఫలము ముప్పదియేండ్లకు గాని కనబడలేదు. 1879లో మెట్రిక్యులేషన్ పరీక్షలో కృతార్థులై, మరుసటి సంవత్సరము పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పది రూపాయల జీతముపై ఉపాధ్యాయులుగా చేరిరి. పైచదువులు కళాశాలకు పోయి చదువుకొను స్తోమత లేకుండెను. కావున పగలు పిల్లలకు పాఠములు చెప్పుచు, రాత్రులు తమ పాఠములు తాము చదువుకొనుచు 1886లో ఎఫ్.ఏ. పరీక్షను, 1896లో చరిత్ర ప్రధాన విషయముగా బి.ఏ. పరీక్షను నెగ్గిరి. మెట్రిక్యులేషన్ నుండి పట్టము వరకు పదునేడేండ్లు పట్టినది.

చరిత్ర చెప్పు ఉపాధ్యాయుడు పుస్తకములోని చరిత్రతో తృప్తిపడవచ్చును. ఆయన పడలేదు. శ్రీముఖలింగ దేవాలయముల గోడలపై నున్న శాసనములను ఎవరి సాయమును లేకుండ తామే చదువ నేర్చుకొనిరి. ప్రాచీన లిపులను కూడబలుకుకొని, అచ్చటి రాజుల చరిత్రను వెలికితీసి వ్యాసములు వ్రాసిరి. ఆ శాసనముల వలన ఆయనకు మరియొక సంగతియు తెలిసినది. పూర్వులు రాతిపై చెక్కించిన తెలుగు, వ్యాకరణ పుస్తకములు చెప్పు తెలుగువలె అన్నిచోట్లను ఉండలేదు. జనులు మాటలాడుకొను రూపములు అందు తొంగిచూచుచుండెను. ఈ సంగతి ఆయన మనస్సులో విత్తనమువలె పడియుండెను.

సవరల కథ వేరు. పర్లాకిమిడికి ఎదుట కనబడు కొండలలో సవరలు నివసింతురు. వారు సంతలకు దిగివచ్చి కొండపంట అమ్ముకొని ఉప్పును బట్టలను కొనుక్కొని పోవుచుండిరి. వారి మాట పల్లమువారికి తెలియదు. పల్లపు మాట వారికి సరిగా రాదు. లెక్కయు అక్షరమును తెలియని కారణమున సంతలోను కచేరీలోను నష్టపోవుట వారికి పరిపాటియై యుండెను. ఈ జనులకు చదువు చెప్పవలయునని పంతులుగారికి కోరిక కలిగెను. అయితే ఏ భాషలో చెప్పవలయును? తెలుగులోననిన, ముందుగా తెలుగు నేర్పవలయును. అక్షరములు ఆ పిమ్మటనే. అంతవరకు ఓపిక పట్టు పిల్లవాడెక్కడ? కనుక వారి భాషను తామే నేర్చుకొనుట మేలని పంతులుగారు నిశ్చయించిరి.

ఈ నిశ్చయము వినుటకు సులభము. సవరభాష తెలుగునకు చుట్టము కాదు. అది ముండా భాషాకుటుంబములోనిది. తెలుగక్షరములకు లొంగని ధ్వనులు అందు కలవు. క్రియాపదములోనే నామము కూడ ఇమిడిపోయి, మనము ఒక వాక్యములో చెప్పు విషయము వారికి ఒక్క మాటలో ముగియుచుండును. దానికి అప్పటికి నిఘంటువు లేదు; వ్యాకరణము లేదు. పంతులుగారు తెలుగును సవరయు తెలిసిన ఒకనిని తమ ఇంటనే ఉంచుకొని, ఒక్కొక్క మాటయే వ్రాసికొనుచు ఆ భాషను నేర్చిరి. తరువాత కొండలలో తిరిగి పాటలును కథలును సేకరించిరి. సవరభాషలో వాచకములు కూర్చిరి. బడులు పెట్టి, తమ జీతములోనుండియే అచ్చటి పంతుళ్లకు జీతములిచ్చిరి. ముప్పది రూపాయలతో జీవితమారంభించిన ఉపాధ్యాయుడు ఇంకొక ఉపాధ్యాయునికి జీతమిచ్చుట ఎట్టిదో ఊహింపుడు.

ఆ మన్యమునకు మరియొక మూల్యమును చెల్లింపవలసివచ్చెను. అచ్చట దోమలు మెండు. చలిజ్వరము పట్టినచో విడువదు. పంతులుగారు జ్వరము తగ్గుటకై క్వినైన్ విరివిగా పుచ్చుకొనిరి. జ్వరము తగ్గెను గాని వినికిడి చెడెను. నోటిమాటను చెవితో విని దాని తీరు పట్టుకొనుటయే పనిగా పెట్టుకొన్న మనుష్యునకు చెవియే పోవుట కంటె కష్టమేమి కలదు? అయినను సవర పని ఆగలేదు.

ఇట్లుండగా 1907 ప్రాంతమున యేట్సు అను ఆంగ్లేయుడు ఉత్తరపు జిల్లాలకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చెను. ఆయన తెలుగు కొంత నేర్చినవాడు. బడులు చూడ వచ్చినప్పుడు ఆయనకొక వింత కనబడెను. పిల్లలు పుస్తకములో ఒక తెలుగు చదువుచుండిరి. నోటితో వేరొక తెలుగు మాటలాడుచుండిరి. ఉపాధ్యాయుడు పుస్తకములోని తెలుగును నోటి తెలుగులోనికి మార్చి అర్థము చెప్పుచుండెను. ఇది పరభాష నేర్పు పద్ధతి గదా, సొంత భాషకు ఏల అని ఆయనకు సందేహము తోచెను. విశాఖపట్టణములో కళాశాలాధ్యక్షులుగా నుండిన పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడుగగా, ఇందుకు సమాధానము చెప్పగలవారు విజయనగరమున అప్పారావుగారును పర్లాకిమిడిని రామమూర్తిగారును అని వారు తెలిపిరి.

దొర వేసిన ప్రశ్న పంతులుగారికి కొత్తది కాదు. సవర పిల్లల విషయమున ఆయన తమను తాము వేసికొని, జవాబు చెప్పుకొన్న ప్రశ్నయే అది. కొండ మీది బాలునికి వానికి తెలిసిన మాటతో చదువు చెప్పవలయుననినచో, ఊరిలోని బాలునికి మాత్రము అట్లేల చెప్పరాదు? పుస్తకమున చేయుచున్నాడు అని యుండును. ఇంట తల్లి చేస్తున్నాడు అనును. రెండవది తప్పని బడిలో చెప్పుచుండిరి. అది తప్పే అయినచో పండితుడు సైతము ఇంట ఆ తప్పే మాటలాడుచున్నాడు గదా అని పంతులుగారి వాదము. చదువుకొన్న పెద్దలు నిత్యము మాటలాడు శిష్టమైన వాడుక భాషలో పాఠములును వ్యాసములును వ్రాయుట మేలని ఆయన నిశ్చయమునకు వచ్చిరి. పల్లె పల్లెకు మారు ప్రతి యాసను పుస్తకములకెక్కింపుడని ఆయన అనలేదు. ఈ భేదమును గమనింపక వాదించినవారు ఆనాడును కలరు, నేడును లేకపోలేదు.

అప్పటికి 1911 వచ్చినది. ముప్పదియేండ్ల కొలువు నిండినది. ఉద్యోగమున్నచో జీతముండును, ఆ జీతముతో సవర బడులు నడచును. ఉద్యోగము విడిచినచో కాలము చిక్కును, ధనము తరుగును. ఇది చిన్న చిక్కు కాదు. పంతులుగారు కాలమునే కోరుకొనిరి. ఊరూర తిరుగవలయును, పాత గ్రంథములన్నియు తిరుగవేయవలయును, విమర్శలకు బదులు వ్రాయవలయును. గంట కొట్టగనే తరగతికి పోవలసినవానికి ఇవి సాగు పనులు కావు.

ఆ సంవత్సరముననే ఎదుటి పక్షము కూడ బలపడెను. వాడుక భాష పాఠ్యపుస్తకములలో చొరరాదని మదరాసులో వేదము వేంకటరాయశాస్త్రిగారి అధ్యక్షతను పండితులు సభ చేసిరి. జయంతి రామయ్య పంతులుగారి పూనికతో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వెలసెను. రామయ్యగారిని తెలుగునకు శత్రువుగా తలంపరాదు. ఆయన శాసనములను శ్రద్ధతో పరిశోధించినవారు; సూర్యరాయాంధ్ర నిఘంటువునకు పూనుకొన్నవారిలో ముఖ్యులు. నన్నయ నాటి నుండి వచ్చిన కావ్యభాషను విడిచినచో తరువాతి తరము తన కవులకు దూరమగునని ఆయన భయము. ఆ భయము నిజమైనది. పిల్లలకు అక్షరమే దూరమగుచున్నదని రామమూర్తిగారి భయము. అదియు నిజమైనదే. ఇరువురును 1913లో తమ తమ వాదములను ఆంగ్లమున గ్రంథములుగా ప్రకటించిరి. తెలుగు ఎట్లుండవలయునన్న వివాదము ఆంగ్లమున నడచుట ఒక విచిత్రము. నిర్ణయించు అధికారులు ఆంగ్లేయులైనందున అట్లు జరుగక తప్పలేదు.

స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసమును ఏ భాషలోనైనను వ్రాయవచ్చునని 1912-13లో అనుమతి వచ్చినప్పుడు పని సులువుగనే నెరవేరునట్లు కనబడెను. పండితులలో గొప్ప కలవరము పుట్టెను. సభలు జరిగెను, విన్నపములు పోయెను. 1914లో మదరాసు విశ్వవిద్యాలయమునకు అప్పారావుగారు తమ అసమ్మతిని సుదీర్ఘముగా వ్రాసి సమర్పించిరి. కాని ఆ సంవత్సరము ప్రభుత్వము వెనుకకు తగ్గి, పాఠశాలలలో గ్రాంథికమునే నిలిపెను. మరుసటి సంవత్సరము నవంబరు 30వ తేదీన అప్పారావుగారు మరణించిరి. ఉద్యోగము విడిచి నాలుగేండ్లు గడచునప్పటికి పంతులుగారి చేతిలో మిగిలినది ఓటమి. ప్రక్కన నిలిచిన చిన్ననాటి చెలికాడును లేడు. చెవులు వినబడవు. ఏబది రెండేండ్ల ఆ మనుష్యుడు ఇక చాలునని తిరిగి సవర కొండలకు పోయినచో తప్పు పట్టువారెవ్వరును ఉండరు.

ఆయన పోలేదు. ఎదుటివారు గ్రాంథికము మాకు వచ్చును, నీకు రాదు అని అనుచుండిరి. అందుచేత పంతులుగారు ఒక కొత్త త్రోవ త్రొక్కిరి. ఆ పండితులు వ్రాసిన పుస్తకములనే ముందర పెట్టుకొని, వారు శిరసావహించు వ్యాకరణముతో ఒక్కొక్క వాక్యమును సరిచూచి, తప్పులన్నియు ఎత్తి చూపిరి. ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజము అను గ్రంథము అట్టిది. జీవితమంతయు గ్రాంథికమునే అభ్యసించిన వారు సైతము దానిని తప్పులు లేక వ్రాయలేనప్పుడు పదునాలుగేండ్ల బాలుడెట్లు వ్రాయగలడన్నది అందలి భావము. ఆయనను గూర్చిన ఈ పాఠము గ్రాంథికముననే సాగుచున్నదని విద్యార్థులు నవ్వుకొనవచ్చును. గ్రాంథికము వ్రాయవద్దని ఆయన ఎవ్వరి చేతులును పట్టుకొనలేదు. వ్రాయదలచినవారు సరిగా వ్రాయవలయునని మాత్రము అడిగిరి. కావున ఈ పుటలలో దొరలిన తప్పులను వెదకి పట్టుకొనుట కూడ ఆయన బాటను నడచుటయే యగును.

1919వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన రాజమహేంద్రవరమున వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజము ఏర్పడెను. దానికి అధ్యక్షులు కందుకూరి వీరేశలింగం పంతులుగారు, కార్యదర్శి రామమూర్తిగారు. వీరేశలింగముగారు గ్రాంథికమున ఎన్నో గ్రంథములు వ్రాసిన మహనీయులు. వృద్ధాప్యమున వారు ఈ పక్షమునకు వచ్చుట పంతులుగారికి గొప్ప బలము. ఆ బలము మూడు నెలలు మాత్రమే నిలిచెను. మే 27వ తేదీన వీరేశలింగముగారు పరమపదించిరి. ఆ సంవత్సరముననే పంతులుగారు తెలుగు అను పేర ఒక మాసపత్రికను ఆరంభించి తమ వాదమును నెలనెల ప్రజల ముందుంచిరి. పత్రిక చిరకాలము సాగలేదు. అయినను చదివినవారిలో యువకులు పెక్కురు ఉండిరి. వారు వాదము చేయుట మాని వాడుక భాషలో కథలును నాటకములును వ్రాయనారంభించిరి.

1925లో తణుకులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభ జరిగినప్పుడు పంతులుగారు అచ్చటికే పోయిరి. అది ఎదుటి పక్షమువారి కోట. ఆయన నాలుగు గంటలసేపు ప్రసంగించి, పూర్వకవుల గ్రంథములలో నుండి ప్రయోగములను ఒకటి వెంట ఒకటి చూపిరి. ఎదుటివారు అడ్డు చెప్పినది ఆయనకు సరిగా వినబడునో లేదో! తుదకు సభ ఆయన వాదమునకు అనుకూలముగా తీర్మానించెను.

తెలుగు వివాదమున మునిగియున్న ఈ కాలముననే మొదటి పని కూడ నడచుచుండెను. సవర కృషికై మదరాసు ప్రభుత్వము 1913లోనే ఆయనకు రావు బహద్దూరు బిరుదమునిచ్చియుండెను. బిరుదము వచ్చినను నిఘంటువు పూర్తికాలేదు గదా! కుమారులు సీతాపతిగారు తోడురాగా పంతులుగారు పదములను సరిచూచుచు, తిరిగి వ్రాయుచు కూర్చుండిరి. ఆంగ్లమున రచించిన సవర వ్యాకరణము 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను మదరాసు ప్రభుత్వముచే అచ్చుపడెను. నిఘంటువు వెలువడునాటికి ఆయనకు డెబ్బది ఐదేండ్లు.

1933లో డెబ్బదియేండ్లు నిండిన సందర్భమున రాజమహేంద్రవరమున గొప్ప ఉత్సవము జరిపి, పండితులు వ్రాసిన వ్యాసముల సంపుటమును ఆయనకు సమర్పించిరి. కైజర్-ఇ-హింద్ పతకమును వచ్చినది. ఇంతటితో సుఖముగా నుండవచ్చునని తోచును. కాని 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము వేరుగా ఏర్పడెను. పర్లాకిమిడి పట్టణము అందు చేరెను. తెలుగువారున్న ప్రదేశములను అందు చేర్చవద్దని పంతులుగారు మొదటి నుండియు వాదించినవారు. ఆ చేరికను కోరినవారు ఆయనకు అన్నము పెట్టిన సంస్థానపు ప్రభువులు. వాదము వీగిపోయినది. ఏబది ఆరేండ్లు కాపురమున్న ఊరిని, ఎదుట కనబడు సవర కొండలను విడిచి, ఆయన రాజమహేంద్రవరమునకు తరలిపోయిరి. డెబ్బది మూడవ యేట కొత్త ఊరిలో ఇల్లు వెదకుకొనుట ఉద్యోగము మానుకొన్నంత సులభము కాదు.

1937లో తాపీ ధర్మారావుగారు జనవాణి పత్రికను వాడుక భాషలో నడపిరి. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయము పంతులుగారికి కళాప్రపూర్ణ బిరుదమునిచ్చెను. ఇన్ని జరిగినను బడి పుస్తకములు మారలేదు. పెక్కు పత్రికలును మారలేదు. 1940 జనవరి 15వ తేదీన పంతులుగారు పత్రికా సంపాదకులను కలిసికొని, వార్తలను జనులకు తెలియు తెలుగులో వ్రాయవలసినదిగా మరియొకమారు విన్నవించుకొనిరి. అప్పటికి ఉద్యోగము విడిచి ఇరువది తొమ్మిదేండ్లు కావచ్చెను. ఏడు దినములు గడచిన పిదప, జనవరి 22వ తేదీన ఆయన కన్నుమూసిరి.